ఒక సంగతి ఒకచోటనే: కంప్యూటరు పట్టికలలో సంఘపు లెక్కలు

మన సంఘములలో పెక్కింటి లెక్కల పుస్తకములు ఇప్పుడు కంప్యూటరులోనికి ఎక్కుచున్నవి. ఈ పనికి సాధారణముగా చదువుకొన్న మన పిల్లవాడే ఒకడు వచ్చును. గుమాస్తా తన పెద్ద పుస్తకమును అతని ముందు పెట్టును. పుస్తకములో ఎన్ని గళ్లున్నవో అన్ని గళ్లతోను ఆ పిల్లవాడు తెరమీద ఒక పొడుగాటి పట్టిక గీసి, పేర్లన్నియు ఎక్కించి, "అయినదండీ" అనును. చూచుటకు అయినట్లే యుండును. కష్టము రెండవ సంవత్సరమున మొదలగును.

ఇది కంప్యూటరు చదివినవారు తమలో తాము మాటలాడుకొనవలసిన విషయమని కొందరు అనుకొనవచ్చును. ఆ పట్టికలో ఉన్నది మన నూలు బాకీ, మన మజూరీ, మన పొదుపు నిల్వ. కావున దానిని ఎట్లు అమర్చవలెనో సభ్యులకును, పాలకవర్గమువారికిని కొంతయైనను తెలిసియుండవలెను. ఈ అమరికకు నార్మలైజేషన్ అని పేరు. అందలి మెట్లను నార్మల్ ఫారములందురు. పేరు చూచి బెదరనక్కరలేదు. లోపలి సంగతి చిట్టా, ఆవర్జా ఎరిగినవారికి అందనిది కాదు.

ఒక సంఘమును ఊహించుకొందము. దాని నూలు బట్వాడా పట్టికలో ఈ శీర్షికలున్నవి: చీటీ నంబరు, తేదీ, సభ్యుని పేరు, చిరునామా, కేంద్రము, కేంద్రపు మేస్త్రీ, ఇచ్చిన నూలు, నేయవలసిన రకము, మజూరీ రేటు, బ్యాంకు, శాఖ, ఖాతా నంబరు, పొదుపు నిల్వ, ఇంటిలో సాయము చేయువారు. ఒక్కొక చీటీకి ఒక్కొక వరుస.

ఒక సభ్యుడు ఏడాదిలో 24 చీటీల మీద నూలు తీసికొన్నాడు. అతని చిరునామాయు, ఖాతా నంబరును 24 వరుసలలో ఉండును. అతడు బ్యాంకు ఖాతా మార్చుకొన్నాడు. గుమాస్తా దిద్దుచు పోయి 20 వరుసలు దిద్ది, నాలుగింటిని చూడక వదలినాడు. ఇప్పుడు ఒకే మనిషికి రెండు ఖాతాలున్నవి. ఏది నిజమో కంప్యూటరునకు తెలియదు. అడిగినపుడు ఏ వరుస చేతికి వచ్చిన ఆ వరుసనే చెప్పును. మజూరీ మూసివేసిన ఖాతాకు పోయి తిరిగి వచ్చును, ఆ వారము ఆ ఇంటిలో చేబదులు తప్పదు.

రెండవ సంగతి. ఒకడు వాటాధనము కట్టి క్రొత్తగా సభ్యుడైనాడు. ఇంకను నూలు తీసికొనలేదు. చీటీ లేదు గనుక అతనికి పట్టికలో చోటు లేదు. చోటు కల్పింపవలెనన్న దొంగ చీటీ ఒకటి వ్రాయవలెను. అనేక చోట్ల అట్లే వ్రాయుదురు, సున్న నంబరు చీటీ అని పేరు పెట్టి.

మూడవది అన్నిటికంటె చెడ్డది. ఒక పెద్దమనిషి కండ్లు కనబడక మగ్గము దిగినాడు. చీటీలన్నియు చెల్లుబడియైనవి. పట్టిక బరువెక్కినదని చెల్లిన చీటీలను తుడిచివేసినారు. చీటీలతోపాటు అతని పేరును, పొదుపు నిల్వయు పోయినవి. కొన్నాళ్లకు అతని భార్య పాసుపుస్తకము పట్టుకొని వచ్చినచో, "అమ్మా, మా కంప్యూటరులో ఆ పేరు లేదు" అని చెప్పవలసి వచ్చును.

ఈ మూడింటిలో ఏదియు గుమాస్తా అజాగ్రత్త అనుటకు వీలులేదు. అట్టి పట్టిక ఎంత నెమ్మదస్తుని చేతనైనను తప్పు చేయించును. చిరునామా చీటీకి సంబంధించినది కాదు, మనిషికి సంబంధించినది. దానిని తెచ్చి చీటీల పట్టికలో కట్టుటచే ఇంత వచ్చినది.

జాకార్డు మీద నేయువారికి దీని కీలకము చెప్పకయే తెలియును. చీర పన్నాలో పదిచోట్ల కనబడు బుటాను మనము గ్రాఫు కాగితము మీద పదిసార్లు గీయము. ఒకసారి గీసి, ఒకసారి అట్టలు కొట్టించి, తాళ్ల కట్టుతో పదిచోట్లకు పంపెదము. రెక్క వంకరగా వచ్చినదన్న ఒక అట్టను మార్చిన చాలును, పది బుటాలును చక్కబడును. లెక్కలలోను ఇంతియే. సంగతిని ఒకచోట వ్రాయవలెను. కావలసిన చోట్లకు తాడు కట్టవలెను.

కాగితపు పుస్తకములలో ఇట్లు చేయుట సాధ్యము కాలేదు. చిట్టాలో వ్రాసినదానిని ఆవర్జాలో మరల ఎత్తివ్రాసినారన్న, కాగితము తనంతట తాను వెదకి కూర్చలేదు గనుక. ప్రతి వరుసలోను పేరు, ఊరు వ్రాయుట ఆనాటికి అవసరము. కంప్యూటరునకు ఆ అవసరము లేదు. అవసరము పోయినను అలవాటును వెంట తీసికొనిపోవుటయే మన చిక్కులకు మూలము.

ఈ పద్ధతిని శాస్త్రముగా నిలిపినవాడు ఎడ్గార్ కాడ్. 1923లో ఇంగ్లండులో జన్మించి, ఆక్స్‌ఫర్డులో గణితము చదివి, రెండవ ప్రపంచయుద్ధములో విమానములు నడిపి, తరువాత అమెరికా చేరి ఐ.బి.యం. కంపెనీలో పనిచేసెను. సమాచారమునంతటిని పట్టికలుగా అమర్చి, పట్టికలను ఉమ్మడి నంబర్లతో కలుపు విధానమును 1970లో ప్రకటించెను. మొదటి నార్మల్ ఫారము అందులోనే కలదు. రెండవదానిని, మూడవదానిని 1971లో చెప్పెను. కంప్యూటరు శాస్త్రమున మిక్కిలి గౌరవముగా ఎంచు ట్యూరింగ్ పురస్కారము ఆయనకు 1981లో లభించినది. 2003లో మరణించెను. మనవారికి ముచ్చటగా తోచు సంగతి ఒకటున్నది. రంధ్రములు కొట్టిన అట్టలతో మగ్గమును నడిపించు యంత్రమును జాకార్డు అను ఫ్రెంచివాడు 1804 ప్రాంతమున తయారుచేసెను. అటువంటి రంధ్రముల కార్డులతోనే 1890లో అమెరికా జనాభా లెక్కలను హోలరిత్ అనునాతడు యంత్రము మీద కూడించెను. హోలరిత్ కంపెనీ 1911లో మరికొన్నిటితో కలసి, 1924లో ఐ.బి.యం. అను పేరు ధరించినది. మగ్గపు అట్టకును కాడ్ పట్టికకును నడుమ దూరము మనము అనుకొనునంత లేదు.

మెట్లు ఎక్కుటకు ముందు ఒక మాట. ప్రతి పట్టికలోను ప్రతి వరుసను గుర్తించు నంబరు ఒకటి యుండవలెను. దీనిని కీ అందురు. ఆ నంబరు ఇద్దరికి ఉండరాదు, మారరాదు. పేరును కీగా పెట్టుకొనువారు కలరు. ఎక్కడనైనను ఇది మంచిది కాదు. పరరాష్ట్రములలో స్థిరపడిన మనకు అసలే పనికిరాదు. వెంకటేశం అను పేరునే చూడుడు. మరాఠీ కాగితములలో వ్యంకటేశ్ అగును, తమిళమున వెంకటేశన్ అగును. తెలుగున ఇంటిపేరు ముందుండును. మహారాష్ట్రలో అది చివరకు పోయి, నడుమ తండ్రిపేరు చేరును. తమిళనాట ఇంటిపేరే జారిపోయి తండ్రిపేరులోని మొదటి అక్షరము మిగులును. రేషను కార్డులో ఒకటి, బ్యాంకులో ఒకటి, సంఘములో ఒకటి. కంప్యూటరునకు వీరు ముగ్గురు మనుష్యులు. ఇంటిపేరును పేరును కలసిన ఇద్దరు మనుష్యులు ఒకే వీధిలో ఉండుటయు మనలో వింత కాదు. అప్పుడు ఇద్దరును ఒకడగుదురు. సభ్యత్వపు నంబరు ఇచ్చి, దానినే కీగా ఉంచుడు. పేరు ఆ నంబరు ప్రక్కన ఉండు ఒక సంగతి మాత్రమే.

మొదటి నార్మల్ ఫారము చెప్పునది: ఒక గడిలో ఒకే విలువ. "60 నంబరు 10 చిలపలు, 80 నంబరు 6 చిలపలు" అని ఒకే గడిలో వ్రాసినచో మనిషి చదువుకొనును గాని, నెలాఖరున 80 నంబరు నూలు మొత్తమెంత పోయినదని అడిగిన కంప్యూటరు తేల్చలేదు. నూలు 1, నూలు 2, నూలు 3 అని మూడు గళ్లు పెట్టుటయు మందు కాదు. నాలుగవ రకము వచ్చిన దినమున ఏమి చేయుదురు? ఒక్కొక నూలునకు ఒక్కొక వరుస వ్రాయుటయే దారి.

ఈ మొదటి మెట్టును గూర్చి ఇంకొంత చెప్పవలసియున్నది. మన పట్టికలో "ఇంటిలో సాయము చేయువారు" అను గడి యున్నది గదా. అందులో "భార్య, తల్లి, కోడలు" అని వ్రాసి ఊరకుందురు. కండెలు చుట్టుట, ఆసు పోయుట, అచ్చు అతుకుట చేయు మనుష్యులు అక్కడ మనుష్యులుగా లేరు. మగవాని వరుసలో ఒక గడిలోని మూడు మాటలుగా ఉన్నారు. వారికి నంబరు లేదు, వయసు లేదు, ఖాతా లేదు. భీమా పథకమో, గుర్తింపు కార్డో వచ్చి పనివారి పట్టీ పంపుడన్నపుడు ఆ గడి నుండి పట్టీ తీయుట కుదరదు. 2019-20 చేనేత గణనలో దేశము మొత్తము మీద 35 లక్షలకు పైగా పనివారు తేలిరి. వారిలో నూటికి 72 మంది స్త్రీలు. మన పట్టికలలో అంతమంది కనబడుచున్నారా? పనిచేయు ప్రతి మనిషికి ఒక వరుస, ఒక నంబరు ఇచ్చి, ఏ మగ్గము మీద పనిచేయుచున్నదో ఆ మగ్గపు నంబరును ప్రక్కన వ్రాయవలెను. మా దృష్టిలో మొదటి నార్మల్ ఫారము వలన మనకు కలుగు మేలులలో ఇదియే పెద్దది.

రెండవ మెట్టు, కీ రెండు నంబర్లతో ఏర్పడినపుడు వచ్చును. నూలునకొక వరుస వ్రాసినాము గనుక, ఇప్పుడు ఒక వరుసను గుర్తించుటకు చీటీ నంబరును, నూలు నంబరును రెండును కావలెను. ఎన్ని చిలపలు ఇచ్చిరి అనునది ఆ రెంటి మీదను ఆధారపడియున్నది. అది ఇక్కడ ఉండదగినదే. చీటీ తేదీయు, సభ్యుని నంబరును చీటీ మీద మాత్రమే ఆధారపడినవి. చిలప బరువు నూలు నంబరు మీద మాత్రమే ఆధారపడినది. 840 గజముల చిలపలు ఎన్ని చేరిన ఒక పౌను తూగునో అదియే నూలు నంబరు గదా. 60 నంబరైనచో 60 చిలపలు. చీటీ ఎవరిదైనను ఇది మారదు. సగము కీతో తేలిపోవు సంగతులను తీసి, చీటీ సంగతులను చీటీల పట్టికలోను, నూలు సంగతులను నూలు పట్టికలోను పెట్టవలెను.

మూడవ మెట్టు మన సంఘములకు ముఖ్యమైనది. సభ్యుని నంబరు తెలిసిన అతని బ్యాంకు శాఖ తెలియును. శాఖ తెలిసిన బ్యాంకు పేరు, ఊరు, ఐ.ఎఫ్.ఎస్.సి. కోడు తెలియును. అనగా కోడు సభ్యుని గూర్చిన సంగతి కాదు, శాఖను గూర్చినది. సభ్యుని వరుసలోనికి శాఖ చేయి పట్టుకొని వచ్చినది. ఇట్లు చేయి పట్టుకొని వచ్చినవానిని వారి ఇంటికి పంపవలెననునదే మూడవ నార్మల్ ఫారము. దీని విలువ మనవారికి అనుభవములో తెలిసినది. ఆంధ్రా బ్యాంకు 2020 ఏప్రిల్ 1వ తేదీన యూనియన్ బ్యాంకులో కలసిపోయినది. పాత ఐ.ఎఫ్.ఎస్.సి. కోడులు 2021 ఏప్రిల్ 1 నుండి చెల్లకుండ పోయినవి. ప్రతి సభ్యుని వరుసలోను కోడు వ్రాసికొన్న పట్టికలో ఆ శాఖలో ఖాతా ఉన్నవారందరి వరుసలును దిద్దవలెను, ఒక్కటి తప్పినను ఆ ఇంటికి డబ్బు పోదు. శాఖలకు వేరు పట్టిక ఉన్నచో శాఖకొక వరుస దిద్దిన సరిపోవును. ఇందులోనే ఇంకొక పాఠమున్నది: బ్యాంకువారి కోడునే శాఖకు కీగా పెట్టుకొనరాదు, అది మారునని చూచితిమి గదా. శాఖకు మన సంఘమే ఒక నంబరు ఇచ్చుకొనుట మేలు.

కేంద్రపు మేస్త్రీ సంగతియు ఇట్టిదే. సభ్యుని వరుసలో కేంద్రపు నంబరు ఉండవలెను. మేస్త్రీ పేరు కేంద్రముల పట్టికలో ఉండవలెను.

ఇక్కడ అత్యుత్సాహము వలన కలుగు చిక్కు ఒకటి కలదు. మజూరీ రేటు రకమును బట్టి యుండును గనుక, రేటును రకముల పట్టికలో ఒక్కచోట వ్రాసి, చీటీల నుండి తీసివేయుదురు. పైకి ఇది మూడవ మెట్టు ప్రకారమే ఉన్నట్లు తోచును. రేటు పెరిగిన దినమున పాత చీటీలన్నిటి మజూరీయు క్రొత్త రేటుతో లెక్కకు వచ్చును. నిరుడు ముగిసిన ఖాతాలు ఈ ఏడు కదలిపోవును. ఆడిటరు వచ్చి తల పట్టుకొనును. పొరపాటెక్కడ? నేటి రేటు వేరు సంగతి, ఆనాడు ఈ చీరకు ఇచ్చిన మజూరీ వేరు సంగతి. మొదటిది రకమును గూర్చినది. రెండవది జరిగిపోయిన ఒక చెల్లింపును గూర్చినది, అది ఎన్నటికిని మారదు. రేట్ల పట్టికకు రకము నంబరును, ఏ తేదీ నుండి అమలు అనునదియు కలిపి కీగా ఉంచవలెను. చెల్లించిన మొత్తమును చెల్లింపుల పట్టికలో ఉన్నదున్నట్లు వ్రాయవలెను. రెండు గళ్లలో ఒకే అంకె కనబడినంతమాత్రమున ఒకే సంగతి రెండుసార్లు వ్రాసినట్లు కాదు. ఇది యంత్రము చెప్పలేదు. మజూరీ ఎట్లు ఇచ్చెదరో తెలిసిన గుమాస్తాయే చెప్పవలెను. అందువలననే పట్టికలు గీయు పనిని పిల్లవానికి ఒక్కనికే వదలరాదని మేము అనుట.

పొదుపు నిల్వను గూర్చియు కొంత ఇట్టి ఆలోచనయే అవసరము. నిల్వను ఒక గడిలో వ్రాసి, కట్టినపుడెల్ల దిద్దుచు పోయినచో, తగవు వచ్చిననాడు చూపుటకు ఏమియు ఉండదు. కట్టినదానికి, తీసినదానికి ఒక్కొక వరుస వ్రాసి, నిల్వను ఆ వరుసల నుండి కూడించుటయే సరియైన పద్ధతి. ఆవర్జా వ్రాసినవారికి ఇది క్రొత్త కాదు.

పై మెట్లు ఇంకను కలవు. 1974లో కాడ్, బాయిస్ అను ఇరువురి పేర మూడవదానినే మరికొంత బిగించిన రూపము వెలువడినది. మన లెక్కలలో దాని అవసరము అరుదు. నాల్గవదానిని 1977లో ఫాగిన్ చెప్పెను. ఒక సభ్యుడు మూడు రకములు నేయును, అతనికి ఇద్దరు వారసులు. రకములకు వారసులకు సంబంధము లేదు. రెంటిని ఒకే పట్టికలో ఇమిడ్చినచో ఆరు వరుసలు వ్రాయవలసివచ్చును, ఒక వారసుని మార్చిన మూడు వరుసలు దిద్దవలెను. వేరుచేసిన రకములకు మూడు, వారసులకు రెండు, అంతే. అయిదవ మెట్టు దాక పోవలసిన సంఘమును మేము ఎరుగము.

"ఇదివరకు అన్నియు ఒక్క కాగితము మీద కనబడెడివి, ఇప్పుడు ఎనిమిది ముక్కలు చేసినారు" అని పాత గుమాస్తాలు అందురు. వారి మాటలో న్యాయమున్నది. పట్టికలు ముక్కలైనను, అడిగినపుడు ఉమ్మడి నంబర్లను పట్టుకొని కంప్యూటరు వానిని అతికి, పాత కాగితము వంటి కాగితమునే చూపగలదు. తెగిన పడుగును ముడివేయునపుడు ఏ పోగు ఏ పోగుతో కలియవలెనో తెలిసియుండవలెను గదా. ఇక్కడ ఆ గుర్తు ఉమ్మడి నంబరు. దానిని సరిగా ఎన్నుకొనక కోసినచో ప్రమాదము. మూడవ కేంద్రములో 117వ సభ్యుడు 60 నంబరు నూలును, 122వ సభ్యుడు 80 నంబరు నూలును తీసికొన్నారనుకొనుడు. ఎవడో తెలివితక్కువగా సభ్యుడు-కేంద్రము ఒక పట్టిక, కేంద్రము-నూలు ఒక పట్టిక చేసినాడు. మరల కలిపినపుడు కేంద్రము నంబరు తప్ప వేరు ఆధారము లేదు గనుక నాలుగు వరుసలు వచ్చును. ఇద్దరును రెండు నూళ్లును తీసికొన్నట్లు తేలును. తీసికొనని నూలునకు బాకీ పడిన సభ్యుడు ఎవరితో మొర పెట్టుకొనవలెను? కోసిన ముక్కలను కలిపి, మొదటి వరుసలే, తక్కువ గాక ఎక్కువ గాక వచ్చినవో లేదో చూచిన తరువాతనే పట్టికను ఒప్పుకొనవలెను. వరుసలు ఎక్కువ వచ్చినవి గదా యని సంతోషింపరాదు. అవి లేని బాకీలు.

పని చేయించుకొను సంఘములవారు ప్రోగ్రాము వ్రాయువానిని కొన్ని ప్రశ్నలడుగుట మంచిది. ఒక సభ్యుని ఖాతా నంబరు మారినచో ఎన్ని చోట్ల దిద్దవలెను? ఒకటికంటె ఎక్కువ చెప్పినచో కారణము అడుగుడు. నూలు తీసికొనని క్రొత్త సభ్యుని ఇప్పుడే ఎక్కించి చూపుమనుడు. ఒక చీటీని తుడిపించి, ఆ సభ్యుని పొదుపు వరుసలు చెక్కుచెదరక ఉన్నవో లేదో చూడుడు. కండెలు చుట్టువారి పట్టీని, పేర్లు వయసులతో, అక్కడికక్కడే తీయించుడు. ఈ నాలుగు పరీక్షలకు కంప్యూటరు చదువు అక్కరలేదు.

పాత పుస్తకముల నుండి ఎక్కించునపుడు, ఒకే సభ్యుడు రెండు పేర్లతో ఉన్న చోట్లను ముందుగానే మనుష్యులను పిలిచి తేల్చుకొనవలెను. ఇది పట్టికలన్నియు గీసిన తరువాత చేయు పని కాదు. ప్రతి సభ్యుని పాసుపుస్తకమును తెప్పించి, తెరమీది నిల్వతో సరిచూచి, సభ్యుని చేతను గుమాస్తా చేతను సంతకములు చేయించిన దాక పాత ఆవర్జాలను పాతకాగితముల వానికి అమ్మరాదు.